ఎదుటివాడి కొలత

అగ్గిమిట్ట మాంత్రికుడు ధూమకేశుడి దగ్గర జయంతుడు ఆరేళ్లుగా విద్య నేర్చుకుంటున్నాడు. ఒకనాడు సంత నుంచి మొహం కందగడ్డలా చేసుకుని వచ్చాడు.

“గురువుగారూ, మీరు గొప్పా, మంచుకోన హిమకంఠుడు గొప్పా?”

“ఇప్పుడెందుకొచ్చిందిరా ఆ మాట?” చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న గురువు తలెత్తలేదు.

“ఆయన శిష్యుడు పింగళుడు నలుగురిలో అన్నాడు. మీ గురువు నిప్పు మా అమ్మ పొయ్యి రాజెయ్యడానిక్కూడా చాలదట. పోరుకి పిలిచాను. రేపు పొద్దున్నే.”

మంత్రపోరుకి వెళ్లిన ఇద్దరిలో ఒకడే తిరిగొస్తాడు. గురువు చేయి ఆగింది.

“ఆచారం తెలుసా? పిలిచినవాడే ఎదుటివాడి కొలతకి పాడెగుడ్డ కత్తిరించి తేవాలి. గుడ్డ లేకపోతే పోరు లేదు.”

“వాడు కొలవనిస్తాడా?”

“వాళ్లమ్మనడుగు.”

ఇంత దారం చేతిలో పెట్టి పంపాడు.

పింగళుడు ఇంట్లో లేడు. తల్లి గుమ్మంలో పిండి జల్లిస్తోంది. పోరు సంగతి ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు.

“పింగళుడి పొడుగు కావాలమ్మా,” అన్నాడు జయంతుడు. “గుడ్డ కోసం.”

ఆమె మొహం విప్పారింది. “అంగీ కుట్టిస్తున్నారా? పోనీలే, ఉన్నది మోచేతుల దగ్గర చిరిగిపోయింది. నువ్వు వాడి స్నేహితుడివా?”

జయంతుడు దారం విప్పసాగాడు.

తలుపుచెక్క మీద కొడుకు పొడుగు గీతలు గీసి ఉన్నాయి, ఏడాదికొకటి. పైగీత దగ్గర దారం కొస తనే వేలితో అదిమి పట్టుకుంది. రెండో కొస పట్టుకుని జయంతుడు నేల దాకా వంగాడు.

“జానెడు ఎక్కువే పెట్టమను నాయనా. ఇంకా ఎదుగుతున్నాడు.”

ఎండన పడి వచ్చావంటూ మజ్జిగ ఇచ్చింది. తాగాడు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి గురువు అరుగు మీద తెల్లగుడ్డ పరిచి ఉంచాడు.

“ఎన్ని మూరలు?”

“మూడున్నర,” అన్నాడు జయంతుడు. “ఇంకో జానెడు కలపమంది.”

గురువు కత్తెర అందించాడు. జయంతుడు అందుకోలేదు.

“గురువుగారూ, అంగీకి ఎంత గుడ్డ పడుతుంది?”