ఇసురుకుంట ఎటు జూస్తది?

ఎనిమిదేండ్లు. ఎనిమిదేండ్లు గంజి కాగబెట్టిన, సుద్ద నూరిన, రంగులు కలిపిన, దేవుళ్ళను గీసిన, రాక్షసులను గీసిన. గని ఒక్క కన్ను తెరిచే భాగ్యం నాకు దొరకలే. ఇప్పుడు చెప్తుంటె గూడ నా చెవులు ఎర్రబడ్తున్నయి.

మాది పటాలు గీసే పని. ఊరూరు తిరిగి కులదేవతల కథలు చెప్పే మేళాలకు పొడుగు బట్ట మీద కథంత బొమ్మలు గీసిస్తం. వాళ్ళు దాన్ని గుంజలకు కట్టి, పుల్లతోని ఒక్కొక్క బొమ్మ చూపెట్టుకుంట పాడ్తరు. బొమ్మలన్నీ అయినంక ఆఖరుకు కండ్లు పెడ్తం. అదే కండ్లు తెరుసుడు. తెరిచేదాక అది ఉత్త బట్ట. తెరిచినంక దానికి దండం పెట్టాలె.

మా గురువు లింబాద్రి. అయ్యా అని పిలిచేటోన్ని. కండ్లు తెరిచే కుంచె ఉడుత వెంట్రుకలది, సన్నగుంటది. అది ఎప్పుడూ ఆయన తలరుమాలు మడతల ఉండేది. పటానికి కండ్లు పెట్టే రోజు తలస్నానం జేసి, ఉపాసముండి, కండ్లు తెరిచి, కుంచె కడిగి, మళ్ళ మడతల పెట్టుకునేటోడు. నా చేతికి ఒక్కనాడు గూడ ఇయ్యలే.

అడిగితె "చూద్దాం తియ్" అనేటోడు. ఆ మాట ఇంటె నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

నేనేం తక్కువోన్నా? నేను గీసిన గణపతిని చూడనీకె పక్క ఊర్ల నుంచి వచ్చేటోళ్ళు. నా అమ్మవారి చేతుల తామరపువ్వు చూసి, నిజం పువ్వే అనుకున్న అన్నోళ్ళున్నరు. అయినా ఈ ముసలాయన కుంచె ఇయ్యడు. పోదాం, ఇంకో ఇల్లు చూసుకుందాం అని ఎన్నిసార్లు అనుకున్ననో.

ఆ ఏడు సాయిలు అనే ఆయన మేళం తోని వచ్చిండు. వాళ్ళ పటం చినిగిపోతె వాగుల కలిపిండ్రు. పటం పాతగయితె పారెయ్యరు. మనిషికి చేసినట్టే చేసి, ఏడ్సి, నీళ్ళల్ల ఇడుస్తరు. ఇగ కొత్తది గావాలె.

"ఇది మా సోమడు గీస్తడు" అన్నడు అయ్య. "కండ్లు గూడ వాడే తెరుస్తడు."

నేను ఇంటెనకకు పోయి గోడకు ఆనుకొని ఏడ్చిన. సంతోషం తోని ఏడుపు వస్తదని ఆ రోజే తెలిసింది.

మూడు నెలలు కూసున్న. ఇరవై మూరల బట్ట. పై వరుసల గణపతి, సరస్వతి, ఆ తర్వాత కులదేవత, యుద్ధాలు, గుర్రాలు. ఒక్కొక్క నగకు ఒక్కొక్క దినం పట్టింది. కింది వరుసల మాత్రం ఒక బొమ్మ ఉన్నది. కథల వచ్చే ఒక పిలగాని తల్లి ఇసుర్రాయి కాడ కూసొని జొన్నలు ఇసురుతుంటది. అంతే.

ఇసురుకునే ఆడిదాన్ని ఎవడు జూస్తడు? అదే అనుకున్న నేను. ఒక్క పూటల గీసి పడేసిన. సరస్వతి మొకమే పెట్టిన, పట్టుచీర కట్టిన, చేతులకు నిండుగ గాజులేసిన. తామరపువ్వు పట్టుకునే చెయ్యి ఎట్ల గీస్తనో, అదే చేతిని రాయి పిడి మీద పెట్టిన. అయ్య వెనక నుంచి వచ్చి చూసిండు. ఏమనలే, పోయిండు.

నేను గీసుకుంట కూసున్న వాకిట్లనే, నా ఈపు వెనక, అయ్య భార్య లచ్చవ్వ రోజూ చింతగింజలు ఇసిరేది. ఆ పిండితోనే బట్టకు జిగురు కాయాలె. బట్టకు జిగురూ గంజీ పూసి, వాకిట్లనే తాళ్ళ మీద ఎండేసేటోళ్ళం. పొద్దుగాల మొదలువెడితె పొద్దుగూకేదాక గరగర చప్పుడే. నాకు తల పగిలేది. ఆమె పక్కన గులకరాళ్ళ కుప్ప ఒకటి ఎప్పుడూ ఉండేది. నడుస్తుంటె కాళ్ళకు తగిలేది. నేను తన్నుకుంట పోయేటోన్ని. తెల్లారి చూస్తె మళ్ళ కుప్ప అక్కడ్నే. ముసలామె చాదస్తం అనుకునేటోన్ని.

కండ్లు తెరిచే రోజొచ్చింది. తలస్నానం జేసిన. సాయిలు, ఆయన భార్య బాలవ్వ, మేళమంత వచ్చిండ్రు. కొబ్బరికాయ కొట్టిండ్రు. అయ్య తలరుమాలు ఇప్పి, ఆ కుంచె తీసి నా చేతుల పెట్టిండు. కండ్లకు అద్దుకున్న.

"మన ఇంటి లెక్క నీకు ఎరుకే గద" అన్నడు. "మొదటి కన్ను తెరిచినంక, ఆఖరి కన్ను పొద్దుగూకక ముందే తెరువాలె. లేకుంటె అది పటం గాదు, పీనుగ. వాగుల ఇడుసుడే."

"ఎరుకే అయ్యా" అన్న. నాకేం భయం? ముందుగాల గణపతి కండ్లు. బాలవ్వ రెండు చేతులు జోడిచ్చింది. తర్వాత సరస్వతి, తర్వాత అమ్మవారు. ఒక్కొక్క కన్ను తెరుస్తుంటె సాయిలు కండ్లల్ల నీళ్ళు. పొద్దు నడినెత్తికొచ్చేసరికి ఆఖరిది, ఇసుర్రాయి బొమ్మ కాడికి వచ్చిన. కుంచె ముంచి వంగిన.

"ఆగు" అన్నడు అయ్య.

ఆగిన.

"ఈమె ఎటు జూస్తున్నది?"

"మన దిక్కే అయ్యా. అందరు జూసినట్టే."

"దేవుళ్ళు మన దిక్కు జూస్తరు. దండం పెట్టేటోళ్ళను చూడాలె గాబట్టి. ఇసురుకునే ఆమెకు మనతోని ఏం పని?"

బాలవ్వ మూతికి కొంగు అడ్డం పెట్టుకున్నది. నవ్వుతున్నదని తెలిసింది. నా చెవులు కాలినయి.

"అయితె రాయి దిక్కు జూస్తది" అన్న.

"వెనకకు తిరగకు" అన్నడు అయ్య. "నీ ఈపు వెనక ఎనిమిదేండ్ల సంది ఒక మనిషి ఇసురుతున్నది. ఇసురుకుంట ఎటు జూస్తది? చెప్పు."

"రాయి దిక్కే" అన్న, గట్టిగ.

గరగర ఆగిపోయింది. వెనక నుంచి లచ్చవ్వ అన్నది, "రాయినెందుకు జూస్తరా? అది ఏడికన్న పోతదా?"

మేళమంత నవ్వింది. నేను నోరు తెరిచేలోపట్నే అయ్య తడిగుడ్డ తీసిండు. ఒక్క తుడుపు తుడిచిండు. పట్టుచీర, గాజులు, సరస్వతి మొకం, అన్నీ కలిసి ఎర్రగ కారిపోయినయి. ఆ జాగల తెల్ల సుద్ద మిగిలింది.

ఇగ నాకు కండ్లు కనవడలే.

"ఏం మనిషివయ్యా నువ్వు!" అని అరిచిన. అయ్య ముంగట అంత గొంతు ఎన్నడు లేవలే. "గీసిననాడు చూసినవు గద! అప్పుడే చెప్పొచ్చు గద! పది మందిల నా ఇజ్జత్ తీసుడు గావాల్నా నీకు? మూడు నెలలు! ఇరవై మూరలు! ఇంతమంది దేవుళ్ళను గీసిన, ఒక్క ఇసురుకునే ముసల్దాని కోసం ఇదంత వాగుల పడేస్తవా?"

నేనన్న మాట నాకే ఇనవడ్డది. లచ్చవ్వ రాయి పిడి ఇడిచి, చేతులు దులుపుకొని, లోపలికి పోయింది.

అయ్య మొకం నల్లగయింది. ఆయన కోపం నేను అంతకుముందు చూడలే. అరవలే, తిట్టలే. తలుపు దిక్కు చూసి, పొద్దు దిక్కు చూసి, "గీసిననాడు నన్ను అడిగినవా?" అన్నడు. తర్వాత సాయిలును తీసుకపోయి చెట్టు కింద కూసున్నడు.

నేను కుంచె పట్టుకొని నిలవడ్డ. సాయిలు నా దిక్కు చూసిండు. ఆ చూపు తట్టుకోలేకపోయిన. వచ్చే సోమవారం వాళ్ళు ఈ పటం ముంగట కథ మొదలువెట్టాలె. గణపతి కండ్లు తెరిచే ఉన్నయి. పొద్దు దిగుతున్నది.

లోపలికి పోయిన. లచ్చవ్వ పొయ్యి కాడ కూసున్నది.

"అవ్వా, జర బయటికి రావా?"

"నేనెందుకురా? ముసల్దాన్ని. పో, నీ దేవుళ్ళను జూసుకో."

"తప్పయింది అవ్వా."

"తప్పయితె అయింది. ఎనిమిదేండ్లు నా చేతి అన్నం తిన్నవు. అవ్వా తిన్నవా అని ఒక్కనాడు అడిగినవా? దేవుళ్ళకు మాత్రం ఏలికి గోరు తప్పకుంట గీస్తవు."

నాకు సిగ్గయింది, కోపం గూడ వచ్చింది. ఆమె కాళ్ళు పట్టుకున్న.

"లే, లే. పొద్దుగూకుతున్నది" అని ఇసుక్కున్నది. "గీస్తె గియ్యి. నాకు పనున్నది. రేపటికి జిగురు గావాలె." వచ్చి రాయి ముంగట కూసున్నది. ఒక కాలు సాపుకున్నది. ఇంకో మోకాలు ముడుసుకున్నది. మళ్ళ గరగర మొదలైంది.

నేను ఆమె ముంగట కూసున్న. ఎనిమిదేండ్లల్ల మొదటిసారి.

పిడి పట్టిన చేతి చిటికెనేలు వంకరగ ఉన్నది. ఎప్పుడు ఇరిగిందో, ఎట్ల ఇరిగిందో నాకు తెల్వది. ఎడమ చెయ్యి ఊకె పోయి గింజలు పిడికెడు తెచ్చి రాయి నోట్ల పోస్తున్నది. ఆ చేతికి తోవ తెలుసు. ఆమె ఒక్కసారి గూడ దాని దిక్కు చూడలే. రాయి దిక్కు చూడలే. నా దిక్కు చూడలే. తల జర పక్కకు తిప్పి, కండ్లు వాకిలి దాటిచ్చి, దూరంగ ఎటో చూస్తున్నది.

ఎటు? నేను తల తిప్పిన.

తాళ్ళ మీద రేపటి బట్ట ఎండుతున్నది. జిగురూ గంజీ పూసిన తడిబట్ట. దడి పక్కన రెండు మేకలు.

ఒకటి మెల్లగ బట్ట దిక్కు నడిచింది. గంజి వాసనంటె మేకలకు పానం. లచ్చవ్వ ఇసురుడు ఆపలే. ఎడమ చెయ్యి గింజల మీదికి పోలే, పక్కన గులకరాళ్ళ మీదికి పోయింది. ఒకటి తీసి ఇసిరింది. "థుయ్!" అన్నది. మేక ఎనకకు దునికింది. చెయ్యి మళ్ళ గింజల కాడికి వచ్చింది.

ఎనిమిదేండ్లల్ల నా బట్టను ఒక్క మేక గూడ నాకలే. ఎందుకు నాకలేదో నాకు ఒక్కనాడు గూడ తోచలే.

కుంచె తీసుకున్న. చేతులు వాటంతటవే నడిచినయి. సాపిన కాలు, ముడిసిన మోకాలు, అతుకులేసిన చీర, వంకర చిటికెనేలు. పక్కన గులకరాళ్ళ కుప్ప. నేను రోజూ తన్నిన కుప్ప. ఒక్కొక్క రాయి గీసిన. చుట్టూ ఎర్రరంగు నింపి, పటాన్ని ఎండకు వంచి పట్టిన. ఆరుతదా ఆరదా అని నోటితోని ఊదిన. పొద్దు దడి మీదికి వచ్చింది.

ఆరింది. ఉడుత కుంచె ముంచిన. ఊపిరి బిగవట్టి, ఆ మొకంల రెండు చుక్కలు పెట్టిన. నడిమిట్ల గాదు, మూలకు.

అందరు దగ్గరికి వచ్చిండ్రు. బాలవ్వ వంగి చూసింది. మళ్ళ చూసింది.

"అయ్యో, మా అమ్మ" అన్నది. అంతే, కొంగు మొకానికి అడ్డం పెట్టుకున్నది. ఈసారి నవ్వలే.

లచ్చవ్వ రాయి ఇడిచి లేసి వచ్చింది. కండ్లు చిట్లిచ్చి బొమ్మను చూసింది, వంకర ఏలును చూసింది, గులకరాళ్ళను ఏలుతోని ఒకటి, రెండు అని లెక్కపెట్టింది.

"మేకేదిరా?" అన్నది.

నేను అయ్య దిక్కు చూసిన.

"అక్కర్లేదు" అన్నడు అయ్య. "చూసేటోళ్ళందరి ఇంట్ల ఒకటి ఉంటది."

అందరు బొమ్మనే చూస్తున్నరు. లచ్చవ్వ గూడ బొమ్మనే చూస్తున్నది. నేను తల తిప్పిన. దడి కాడి మేక అప్పటికే తాళ్ళ కిందికి వచ్చింది, రేపటి బట్ట అంచు నోటికి అందుకుంటున్నది. నేను ఉరికి, కుప్పల నుంచి గులకరాయి తీసి ఇసిరిన.

"థుయ్!"

మేక దడి దునికి పోయింది. నేను ఇసిరిన రాయి వెతికి తెచ్చి కుప్పల పెట్టిన. పొద్దు గూకింది.

కుంచె కడిగి, తుడిచి, అయ్యకు ఇయ్యబోయిన. ఆయన తలరుమాలు చుట్టుకుంటున్నడు. చెయ్యి సాపలే.

"నీ దగ్గర్నే ఉండనియ్" అన్నడు.