గాజుల బండికి ఆవిరి పట్టినవాళ్ళు

తాటిగుంటలో గాజుల రవణమ్మ ఇంట్లో దేనికి కొరత ఉన్నా తెలివికి మాత్రం లేదు. ఊళ్ళో ఇంకెవరూ ఈ మాట అనరు కాబట్టి ఆ ఇంటివాళ్ళే అనుకునేవాళ్ళు.

పెద్దకొడుకు పెంచలయ్య వానలో గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని నడిచేవాడు. కొత్త గొడుగు, తడిస్తే పాడవుతుందని. చిన్నవాడు మాలకొండయ్యను "పాలు పొంగుతాయేమో చూస్తా ఉండరా" అని పొయ్యి దగ్గర కూర్చోబెడితే, గిన్నె ఖాళీ అయ్యేదాకా రెప్పవేయకుండా చూసి, "పొంగినయ్యమ్మా" అని వచ్చి చెప్పాడు. "చెప్పిన పని చెప్పినట్టు చేసే బిడ్డలు ఈ కాలంలో ఎవరికుండారు!" అని రవణమ్మ మురిసిపోయింది. పెంచలయ్య భార్య చెంచమ్మ కాపురానికి వచ్చిన రోజున, "ఈ ఇల్లు నీదే అనుకోమ్మా" అంది అత్త. సాయంత్రానికల్లా కోడలు అత్తను అద్దె అడిగింది. తెలివైన పిల్ల దొరికిందని ఇంటిల్లిపాదీ సంతోషించారు.

ఇంతమందిలోనూ తనదే అసలైన తెలివని పెంచలయ్య నమ్మకం. పైకి అనేవాడు కాదు. మిగతావాళ్ళు బాధపడతారని.

వాళ్ళది గాజుల వ్యాపారం. పెంచలయ్య మోటారుసైకిల్ వెనక గాజుల పెట్టె కట్టుకుని ఊరూరా తిరిగేవాడు. ఆ బండికి ఒకటే రోగం. పెద్ద రోడ్డు మీద బాగానే పోయేది. వీధిలోకి తిరిగి నెమ్మదించగానే ఎక్కిళ్ళు పట్టినట్టు కుదిపేది. గాజులు అమ్మాల్సింది వీధుల్లోనే మరి. కుదిపినప్పుడల్లా పెట్టెలో గలగల, పెంచలయ్య గుండెలో గుబగుబ.

ఒకరోజు పక్కూరి నాగినేని వకుళమ్మ గారు కబురు పెట్టి పెంచలయ్యను పిలిపించారు. ఆవిడ కూతురు హిమబిందుకు ఆదివారం సీమంతం.

"ఒరే పెంచలయ్యా, మీ అమ్మ మొహం చూసి నీకే గాజులు చెప్తున్నా. పోయినసారి సగం ముక్కలు తెచ్చావు. ఈసారి ఒక్క గాజు చిట్లిందా, ఇంక మా గడప తొక్కొద్దు. నేను వద్దన్నానంటే ఈ చుట్టుపక్కల నీ దగ్గర కొనేవాళ్ళుండరు."

"గడప నేనెప్పుడూ తొక్కలేదమ్మా, దాటుకుని వస్తా" అన్నాడు పెంచలయ్య. అన్నాడే గాని బెదిరింపు మర్చిపోలేదు. ఆవిడ మాట నిజం. వకుళమ్మ గారి ఇల్లు పోయిందంటే వ్యాపారం పోయినట్టే. తిన్నగా మెకానిక్ మస్తాన్ దగ్గరికి బండి తోలాడు.

మస్తాన్ చెల్లెలింటికి ప్రయాణమై సంచి సర్దుకుంటున్నాడు. బండిని ఒక్క నిమిషం చూశాడు.

"పొగగొట్టానికి ఈ చిన్న ముక్క కనపడతా ఉందా? దీన్ని ఆక్సిజన్ సెన్సార్ అంటారు. బండికి ఇది ముక్కు లాంటిదనుకో. పొగలో గాలి ఎంత మిగిలిందో పసిగట్టి బండిలో ఉండే కంప్యూటర్‌కి చెప్తాది. దాన్నిబట్టి అది పెట్రోలు పోస్తాది. నీ బండికి మరీ పిసినారిగా పోస్తా ఉంది. అందుకే కుదుపు." అగ్గిపెట్టెంత నల్ల డబ్బా ఒకటి తీసి చేతిలో పెట్టాడు. "దీన్ని మధ్యలో తగిలించు. గాలి ఎక్కువైందని కంప్యూటర్‌కి చిన్న అబద్ధం చెప్తాది. అది ఇంకాస్త పెట్రోలు పోస్తాది. కుదుపు పోతాది."

పెంచలయ్య డబ్బాను కొంచెం దూరంగా పట్టుకున్నాడు. "అబద్ధాలు మా ఇంట్లో అచ్చిరావు భాయ్."

"నువ్వు చెప్పబళ్ళేదులే. డబ్బా చెప్తాది."

"అట్టయితే సరే. ఎవరు బిగిస్తారు?"

"అది పిల్లల పని."

"మా ఇంట్లో పిల్లలు లేరే!"

మస్తాన్ నుదురు కొట్టుకున్నాడు. "నువ్వే బిగించు సామీ. ఇంజన్ చల్లబడ్డాక సెన్సార్ వైరు ఊడదీసి, ఈ డబ్బాని మధ్యలో పెట్టి, రెండు పక్కలా టక్ మని వినపడేదాకా నొక్కు. అంతే!" అని బస్సు కోసం పరిగెత్తాడు.

మర్నాడు పొద్దున పెంచలయ్య ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూశాడు. మంచులా చల్లగా ఉంది. "రండి, మొదలుపెడదాం" అన్నాడు.

"ఆగన్నా" అన్నాడు మాలకొండయ్య. "చల్లగా ఉండటం వేరు, చల్లబడటం వేరు. భాయ్ చల్లబడ్డాక అన్నాడు. కాలంది ఎట్ట చల్లబడతాది?"

ఈ ముక్క తనకెందుకు తట్టలేదా అని పెంచలయ్య సిగ్గుపడ్డాడు. అంతే, బండి స్టార్ట్ చేసి నిలబెట్టారు. కాలిందో లేదో తెలియాలి కదా, చెంచమ్మ దోసె పెనం మీద చల్లినట్టు ఇంజన్ మీద నీళ్ళు చిలకరించింది. చుయ్యిమంది. "కాలింది అత్తా" అంది. అప్పుడు ఆపి, అందరూ చుట్టూ కూర్చుని విసనకర్రలతో విసరడం మొదలుపెట్టారు. "చల్లబడిందేమో చూడరా" అంటే మాలకొండయ్య వేలు పెట్టి చూశాడు. చల్లబడలేదు. ఆ సంగతి వేలు బొబ్బెక్కడం వల్ల అందరికీ స్పష్టంగా తెలిసింది.

చివరికి చల్లబడింది. వైరు ఊడదీసి, డబ్బాని మధ్యలో పెట్టారు. నొక్కే పని మాలకొండయ్యకు పడింది. బొబ్బెక్కిన వేలు, గట్టిగా ఆనడం లేదు. పెంచలయ్య చెవి దగ్గర పెట్టి విన్నాడు.

"టక్ అన్లేదురా. నొక్కు."

"నొక్కతానే ఉండా అన్నా, అది అననంటాంది. ఇంతకీ ఎవరు అనాలని చెప్పాడు భాయ్?"

పెంచలయ్య కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నాడు. "ఎవరనాలో చెప్పలేదు. వినపడాలన్నాడు, అంతే."

"దానికింత అగచాట్లెందుకురా!" అని రవణమ్మ ముందుకొచ్చి, నాలుకతో 'టక్' అంది. "ఇనపడిందా?"

"ఇనపడిందమ్మా!"

"రెండో పక్కది నేనంటా అత్తా" అని చెంచమ్మ కూడా 'టక్' అంది. ఇంకేముంది, బిగింపు పూర్తయింది.

బండి స్టార్ట్ చేయగానే మీటరు పక్కన పసుపుపచ్చ దీపం ఒకటి వెలిగింది. రవణమ్మ చేతులు జోడించింది. "చూశారా, కొత్త వస్తువు పెట్టామో లేదో దీపం పెట్టుకుంది. భక్తిగల బండి." కానీ పెంచలయ్య వీధి చివరిదాకా పోయేసరికి ఆ భక్తిగల బండి మునుపటికంటే రెండింతలు కుదిపింది. ఆదివారానికి ఇంక ఎన్నో రోజులు లేవు. గాభరాగా మస్తాన్‌కు ఫోన్ చేశాడు. అవతల చెల్లెలింటి పిల్లల గోల.

"దీపం వెలిగిందంటే ఏదో తేడా. ప్లగ్గు సరిగ్గా కూర్చోలేదేమో. టక్ అనిందా?"

"అనింది భాయ్! రెండుసార్లూ నా చెవులతో విన్నా."

"అయితే సెన్సార్‌కి మసి పట్టుంటాది. ముక్కు మూసుకుపోయింది, అంతే" అని అవతలివాడు పెట్టేశాడు.

ముక్కు మూసుకుపోతే ఏం చేయాలో రవణమ్మకు ఒకరు చెప్పాలా? పెద్ద బేసిన్లో నీళ్ళు మరిగించి, గుప్పెడు పసుపు వేసి, నీలగిరి తైలం పోసి, పొగగొట్టం మొన కింద పెట్టింది. బండి మొత్తానికి దుప్పటి కప్పారు. నలుగురూ నాలుగు అంచులు పట్టుకుని, బండికి ఊరట దక్కుతోందా అని తలలు లోపల పెట్టి చూశారు.

"పీలుస్తున్నట్టు లేదే" అంది చెంచమ్మ.

"ఆపేస్తే ఎట్ట పీలుస్తాది? స్టార్ట్ చెయ్యి" అన్నాడు మాలకొండయ్య.

పెంచలయ్య స్టార్ట్ చేసి, పాపం జలుబు గట్టిగా ఉందని యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాడు. బండి పీల్చలేదు, చీదింది. బేసిన్లో పసుపు నీళ్ళన్నీ లేచి నలుగురి మొహాలకూ కొట్టాయి. వీధిలో పోతున్న తాపీ మేస్త్రి ఆగి, "ఏం రవణమ్మా, నలుగురూ పసుపు పూసుకున్నారు, ఇంట్లో శుభకార్యమా?" అన్నాడు.

"లేదబ్బయా. బండికి జలుబు."

మొహాలు కడుక్కుని వచ్చి చూస్తే దీపం అట్లాగే వెలుగుతోంది.

"ఇదంతా కాదు, ముందు ఆ దీపం ఆర్పాలి" అన్నాడు పెంచలయ్య. రవణమ్మ గభాల్న అతని నోరు మూసింది.

"తప్పురా! దీపం ఆర్పడం అనకూడదు. కొండెక్కించడం అనాలి."

పెంచలయ్య తల్లిని చూశాడు. ఊరి వెనక కొండను చూశాడు. ఇన్నేళ్ళుగా పెద్దవాళ్ళు అంటున్న మాటలో ఇంత మందు ఉందని మెకానిక్‌కి ఎలా తెలుస్తుంది? దీపం ఒక్కటే ఊడి రాదు కాబట్టి బండితో సహా ఎక్కించాలని తేల్చాడు. అతను హ్యాండిల్ పట్టుకున్నాడు, ముగ్గురూ వెనక నుంచి తోశారు. రాళ్ళూ రేగుకంపలూ దాటి, మధ్యాహ్నానికి కొండెక్కించారు. దీపం పోలేదు.

"ఇంకా పైకి తొయ్యండి" అన్నాడు పెంచలయ్య.

"ఇంకా పైన ఆకాశమేనన్నా" అన్నాడు మాలకొండయ్య.

తర్జనభర్జన పడుతుండగా ఎవరు బండిని పట్టుకోవాలన్నది తేలలేదు. ఇంకేముంది, ఎవరూ పట్టుకోలేదు. బండి తనంతట తాను దిగడం మొదలుపెట్టింది. రాయి మీద ఎగిరి, గుంటలో పడి, లేచి, కింద ఒక పెద్ద బండరాతికి పక్కవాటుగా ఆనుకుని ఆగింది. ఆ ఆగడంలో డబ్బా రెండు పక్కలా గట్టిగా నొక్కుకుని టక్, టక్ మని రెండు శబ్దాలు వచ్చాయి. ఎవరూ పట్టించుకోలేదు. అనాల్సిన టక్‌లు రెండూ పొద్దునే అనేశారు కదా.

పెంచలయ్య పరిగెత్తుకొచ్చి స్టార్ట్ చేశాడు. దీపం లేదు. నెమ్మదిగా తోలి చూశాడు. కుదుపు లేదు. వెన్నలో కత్తి దిగినట్టు పోతోంది. "చూశారా? ఎక్కినప్పుడు కాదు, దిగినప్పుడు పనిచేస్తాది" అన్నాడు. ఆ రోజు ఇంట్లో పాయసం.

ఆదివారం గాజుల పెట్టె కట్టుకుని పెంచలయ్య బండి మీద వెళ్ళాడు. మిగతావాళ్ళు వెనకాల ఆటోలో వచ్చారు. వకుళమ్మ గారు వాకిట్లోనే పెట్టె తెరిపించారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, వరసలు వరసలు. ఒక్క గాజు కూడా చిట్లలేదు. ఆవిడ మొహం విప్పారింది.

"శభాష్‌రా! ఇంక ఎప్పుడైనా మా ఇంటికి గాజులు నువ్వే తేవాలి."

పెంచలయ్య కళ్ళు చెమర్చాయి. ఆవిడ లోపలికి పోతూ పోతూ, "రవణమ్మా, వచ్చినవాళ్ళందరికీ గాజులు వేసెయ్. ఒక్కరిని కూడా వదలొద్దు సుమా" అన్నారు.

అంతే. నలుగురూ గుమ్మం దగ్గర కూర్చున్నారు. వచ్చిన ముత్తయిదువలకు వేశారు. వాళ్ళ వెనక వచ్చిన మొగుళ్ళకు వేశారు. "నాకెందుకయ్యా?" అని పురోహితుడు గింజుకుంటుంటే మాలకొండయ్య పట్టుకున్నాడు, చెంచమ్మ వేసింది. వంటవాళ్ళకు, సన్నాయివాళ్ళకు, ఫొటోలు తీసేవాడికి వేశారు.

"ఇంకెవరన్నా వచ్చారా?" అంది రవణమ్మ.

"మనం వచ్చాం గదమ్మా" అన్నాడు మాలకొండయ్య. ఒకళ్ళకొకళ్ళు వేసుకున్నారు.

"మరి బండో?" అంది చెంచమ్మ.

నలుగురూ బండి వైపు చూశారు. అది రాకపోతే గాజులే రావు. పైగా దానికి రెండు చేతులున్నాయి. మిగిలిన ఎరుపూ ఆకుపచ్చా మొత్తం రెండు హ్యాండిళ్ళకూ నిండుగా తొడిగి, పెంచలయ్య తృప్తిగా పెట్టె మూశాడు.

అప్పుడు లోపలినుంచి వకుళమ్మ గారు వచ్చారు. "ముహూర్తం దాటిపోతోంది. అమ్మాయి గాజులేవి?"

"ఏ అమ్మాయికమ్మా?"

"ఏ అమ్మాయేమిట్రా! హిమబిందుకు! సీమంతం దానికే కదా!"

పెంచలయ్య ఖాళీ పెట్టె తెరిచి చూపించాడు. "వచ్చినవాళ్ళందరికీ వెయ్యమన్నారు, అందరికీ వేశాం. హిమబిందమ్మ యాడినుంచీ రాలేదు గదమ్మా, ఇంట్లోనే ఉండె!"

వకుళమ్మ గారు పెట్టెలోకి తొంగిచూశారు. ఆనక బండి హ్యాండిళ్ళకు మెరుస్తున్న గాజులు చూశారు. "ఛీ! నా కళ్ళ ముందు నిలబడకు!"

పెంచలయ్య వినయంగా ఆవిడ చుట్టూ తిరిగి, వీపు వెనక నిలబడ్డాడు. అక్కడ నుంచే మెల్లగా అడిగాడు.

"పోనీ, అమ్మాయిని బండెక్కించుకుని ఊరి చివరిదాకా పోయి వస్తామమ్మా. అప్పుడు వచ్చినట్టే గదా?"