అడుగుకు అరిసె

అనగనగా ఒక ఊళ్ళో, పసిబిడ్డ ఏ ముచ్చట చేసినా పొయ్యి మీద మూకుడెక్కే ఊళ్ళో, నూకాలు అనే తల్లి ఉండేది, బంగారూ. బోర్లాపడితే బొబ్బట్టు, కూర్చుంటే కుడుము, అడుగుకు అరిసె. ఆ మూడూ ఊరివాళ్ళు తింటేనే ఆ బిడ్డ ఊరి బిడ్డ.

నూకాలుకు ఒక్కతే కూతురు, గవిరి. దాని కాళ్ళు రెండూ పుట్టుకతోనే సత్తువ లేనివి.

గవిరి బోర్లాపడింది. నూకాలు బొబ్బట్లు పంచింది. ఊరంతా తిన్నది. ఆ తర్వాత గవిరి కూర్చున్నది. నూకాలు కుడుములు పంచింది. ఊరంతా తిని, మరో రెండేసి మూటగట్టుకుని వెళ్ళింది.

ఆ తర్వాత గవిరి ఈడు పిల్లలు పరుగులు తీశారు. గవిరి మాత్రం అరచేతుల మీద జరుగుతూ గడప దాటింది. "నా తల్లి కదిలింది, ఇంతకంటే అడుగేముంది!" అని నూకాలు బియ్యం నానబోసింది, పిండి దంచింది, పాకం పట్టి అరిసెలు వండింది. బుట్ట నెత్తిన పెట్టుకుని, గవిరిని చంకనెత్తుకుని బయలుదేరింది.

మొదటి ఇంటివాళ్ళు, "అడుగే పడలేదు, అరిసెలేమిటమ్మా?" అని నవ్వారు.

రెండో ఇంటివాళ్ళు, "అది ముట్టుకుంటే మా పిల్లలకూ కాళ్ళు పడిపోతాయి" అని తలుపేసుకున్నారు. బొబ్బట్లు మింగిన నోళ్ళే, బంగారూ, అవి! కుడుములు మూటగట్టిన చేతులే!

నూకాలుకు ఒళ్ళు మండిపోయింది. మూడో ఇల్లు ముసలి అచ్చాయమ్మది. ఆవిడ ఔనంటేనే ఊరికి ఔను. ఆవిడా కాదంటే గవిరి ఇక ఏ ఊరి బిడ్డ?

"నడవని పిల్లకు అరిసెలా? ఆచారం ఆచారమేనే, నూకాలూ" అన్నది అచ్చాయమ్మ, అరుగు దిగకుండానే.

అప్పుడు గవిరి తల్లి చంకలోంచి జారి, చేతుల మీద జరిగి, అరుగు కిందికి చేరింది.

"మామ్మా, నా కుడుము తిన్నావుగా? అరిసె ఎందుకు తినవు?"

నూకాలు గొంతు వీధి చివరిదాకా మోగింది.

"విన్నావా, పెద్దమ్మా? నా బిడ్డ అడిగింది! అడుగుకు అరిసె అన్నది మీరే. ఆ అడుగు కాలితోనా నోటితోనా అన్నది ఎవరైనా చెప్పారా? పుచ్చుకో!"

అచ్చాయమ్మ చెయ్యి చాచింది. అరిసె కొరికింది. ఆ నమిలే చప్పుడుకే మూసిన తలుపులు తెరుచుకున్నాయి. నవ్విన వాళ్ళంతా బుట్ట చుట్టూ మూగారు.

నూకాలు బుట్ట తీసి నేల మీద, గవిరి ముందు పెట్టింది.

"నన్ను కాదు, దాన్ని అడగండి" అన్నది.

అప్పుడు ఊరంతా నడుం వంచి గవిరిని అడిగింది.

అడిగితే అరిసె,
గవిరి కళ్ళు మెరిసె;
చేతుల మీద జరిగి కథ కంచికి,
చంకనెక్కి నువ్వూ నేనూ ఇంటికి.