కొర్ర చెప్పిన పది

చింతలకోన అడవిలో చిలుకలు, కౌజు పిట్టలు, కుందేళ్లు, తాబేళ్లు కలిసిమెలిసి ఉండేవి. అక్కడి పిల్లలకు చదువు చెప్పేది ఒక చిలుక పంతులు. ఆయన గొంతు ఖంగుమనేది. గర్వమూ అంతే.

ఒకటి నుంచి వంద దాకా పిల్లల చేత గడగడా వల్లె వేయించడమే ఆయన చెప్పే లెక్కలు. తల్లులు విని మురిసిపోయేవారు. మురిసిపోరా మరి!

వాగు ఒడ్డున ఉండే తాబేలవ్వ ఒకరోజు బడికి వచ్చింది. "పంతులుగారూ, పిల్లల ముందు నాలుగు చింతగింజలు పోయండి. ఒక్కో గింజనూ ముట్టుకుని లెక్కపెట్టనివ్వండి. అప్పుడే అంకె అంటే ఏమిటో తెలుస్తుంది" అంది.

చిలుక పంతులు నవ్వాడు. గింజలు ఆటకే గానీ చదువుకు కాదన్నాడు. అవ్వ నడకలాగే బుర్ర కూడా నిదానమేనని పిల్లల ముందే ఎగతాళి చేశాడు. అవ్వ వాగులోకి వెళ్లిపోయింది.

ఆ బడిలో అందరికన్నా వేగంగా అంకెలు వల్లించేవాడు కొర్ర. కౌజు పిట్ట పదిమంది పిల్లల్లో వాడే పెద్ద. వాడి చెల్లెలు సామ అందరికన్నా చిన్నది.

ఒక సాయంత్రం నక్క తిరుగుతోందని కబురొచ్చింది. తల్లి కౌజు పొద బయట కాపలా నిలబడింది. అందరూ లోపలికి వచ్చారో లేదో లెక్కపెట్టమని కొర్రకు చెప్పింది. పదిమందీ ఉంటే ముళ్లకంప అడ్డం పెట్టేద్దామంది.

కొర్ర ఎవరివైపూ చూడలేదు. ఒకటి నుంచి పది దాకా గబగబా చదివేశాడు. "పదీ అయిందమ్మా" అన్నాడు. తల్లి కంప అడ్డం పెట్టింది.

సామ ఇంకా గడ్డిలోనే ఉంది. తెల్లారి వెతికితే రెండు చిన్న ఈకలు దొరికాయి.

పాపం, కొర్రను ఏమని తిడతాం? వాడు నేర్చుకున్నది తప్పులేకుండా చెప్పాడు. "పది వచ్చింది కదా పంతులుగారూ, మరి మా సామ ఏది?" అని వాడు అడిగాడు.

ఆ రోజే చిలుక పంతులు తాబేలవ్వ దగ్గరికి వెళ్లాడు. "తప్పు నాది అవ్వా. కొర్ర వల్లిస్తుంటే వాడికి లెక్క వచ్చేసిందని మురిసిపోయాను" అని ఏడ్చాడు. అవ్వ దెప్పలేదు. ఆకు నిండా చింతగింజలు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఇప్పుడు బడిలో పిల్లలు గింజలు ముట్టుకుంటూ, కలుపుతూ, తీసేస్తూ లెక్కలు నేర్చుకుంటున్నారు. తాబేలవ్వే దగ్గరుండి నేర్పిస్తోంది. కొర్ర మాత్రం రోజూ తొమ్మిది గింజలే వరుసగా పేరుస్తాడు. పదోది రెక్క కింద దాచుకుంటాడు. పంతులు చూస్తాడు గానీ, దాన్ని బయటికి తీయమని అడగడు.

నీతి: అంకెలు నోటికి వచ్చినంత మాత్రాన లెక్క వచ్చినట్టు కాదు, పిల్లలు ముట్టుకుని, చూసి, అర్థం చేసుకున్నదే అవసరానికి ఆదుకుంటుంది.