అమ్మ చీరల బొంత

అనగనగా గోదారి లంకలో, గాలేస్తే ఇసక ఎగిరే ఒక ఊళ్ళో, అనసూయ అని ఏడేళ్ళ పిల్ల ఉండేది. ఆ పిల్లని కన్నతల్లి జ్వరమొచ్చి పోయింది. ఏడాది తిరిగాక వాళ్ళ నాన్న వీర్రాజు, తాయారు అనే ఆవిడని చేసుకున్నాడు. తాయారు చెడ్డది కాదు తల్లీ, నువ్వప్పుడే మొహం అలా పెట్టకు.

అనసూయకి ఒక బొంత ఉండేది. వాళ్ళమ్మ తన పాత చీరలు మూడు పొరలు పొరలుగా పేర్చి కుట్టింది. అది లేందే పిల్లకి కన్ను మూతపడేది కాదు.

ఆ యేడు గోదారి ఒడ్డుని కోసేసింది. పాత ఇల్లూ, పెద్ద మంచమూ ఏట్లో కలిసిపోయాయి. అప్పుడు గట్టు మీద చిన్న పాక వేసుకున్నారు. అందులో పిల్లకి ఓ బుల్లి నులకమంచమే పట్టింది. బొంతేమో ఇద్దరు పడుకునేంతది. రెండు పక్కలా నేలకి జారి, వానాకాలం కదా, చెమ్మంతా పీల్చేది. ఆ తడిలో పడుకుని పడుకుని పిల్లకి దగ్గు పట్టుకుంది. ఖళ్ళుఖళ్ళున ఒకటే దగ్గు. తాయారుకి రెండు భయాలు పట్టుకున్నాయి. ఏదన్నా అయితే సవతితల్లి చూడలేదంటారు, అదొక భయం. పిల్ల మీద ప్రేమ పుట్టేసింది, అదింకో భయం.

సరే, మొదట బొంతని మడతపెట్టి వేసింది. మడత వీపుకి ఒత్తుకుని పిల్ల లేచి కూర్చుంది. ఆ తర్వాత అంచులు నులక కిందకి దోపింది. తెల్లారేసరికి ఊడి నేల మీదే ఉన్నాయి. ఇలా కాదని మూడోనాడు కత్తెర తీసింది.

ఇక్కడే ఆవిడ పొరపాటు చేసింది. పిల్లని అడగలేదు. బడి నుంచి వచ్చేలోపు కోసి కుట్టేద్దామనుకుంది. ఆవిడకి వచ్చిన కుట్టు ఒక్కటే, సూది పైకీ కిందకీ పోనిచ్చే ముతక కుట్టు. జానెడు కోసిందో లేదో, పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది.

అనసూయ ఏడవలేదు. బొంతని లాక్కుని, "కోస్తే మా అమ్మ తగ్గిపోద్ది" అంది. అంతే. మూడు పూటలు అన్నం ముట్టలేదు.

తాయారు కత్తెర అటక మీద పారేసింది. తప్పు నాదేనని పిల్ల దగ్గర ఒప్పేసుకుంది. ఆ తర్వాత, తెగిన చోట అతుకుదామని బొంత ఒళ్ళో వేసుకుంది. చూస్తే లోపల ఉన్నవి చీర ముక్కలు కావు. నిండు చీరలే, మడతలు పెట్టి కుట్టినవి. కుట్లు విప్పి ఒక్కో చీరకీ సమంగా ఇంకో మడత ఎక్కువ పెడితే, వీపుకి ఒత్తుకోకుండా బొంత చిన్నదవుతుంది, పోగు కూడా కొయ్యక్కర్లేదు. నా తెలివి తెల్లారినట్టే ఉందని తన్ను తానే తిట్టుకుంది.

ఈసారి పిల్లని అడిగింది. పిల్ల బొంతని తన ఒళ్ళోకి లాక్కుని, నేనే విప్పుతానంది.

మొదటి రోజు పై చీర విప్పారు. వెలిసిపోయి రంగే లేదు. రెండో రోజు కింద చీర విప్పారు. అదీ చిరుగులే. మూడో రోజు నడిమి చీర బయటికొచ్చింది. దానికి ఎండ తగల్లేదు కదా, పచ్చగా పసుపు ముద్దలా ఉంది. అది కట్టుకున్న అమ్మ అనసూయకి గుర్తొచ్చింది. అప్పుడు ఆ చీరలో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తాయారు పక్కనే కూర్చుంది.

ఆ తర్వాత మంచం కొలత పెట్టుకుని చీరలు మడిచారు. పిల్ల మడత పట్టుకుంటే ఆవిడ కుట్టింది. పొరలెక్కువై సూది దిగలేదు. అప్పుడు బస్తాలు కుట్టే దబ్బనం తెచ్చింది. వేళ్ళు బొబ్బలెక్కాయి. కుట్లు వంకరటింకరగా పోయాయి, ఏం చేస్తాం.

చిరుగులు కనపడకుండా పైన కప్పడానికి ఇంకో గుడ్డ కావాల్సొచ్చింది. సంతలో తెస్తానన్నాడు వీర్రాజు. అనసూయ దండెం దగ్గరికెళ్ళి, ఆరేసిన ఆకుపచ్చ పాత చీర ఒకటి లాక్కొచ్చింది.

అది నాదే కదమ్మా అంది తాయారు.

"తెలుసు. నీది కూడా ఉండాలి" అంది పిల్ల.

దాన్నే పైన వేసి కుట్టారు. బొంత మంచానికి సరిపోయింది, దగ్గూ తగ్గింది.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
మనమేమో ఇంటికి.