రాజుగారి కన్నీళ్ళ బుడ్డి

నవ్వకండర్రా! మోకాలు చెక్కుకుపోయి వాడు ఏడుస్తుంటే, "మగాడివేనా?" అని పళ్ళికిలిస్తారా? ఒళ్ళు మండిపోతోంది నాకు. ఇలా రండి, కూర్చోండి. అనగనగా ఒక రాజు. ఊఁ కొట్టండి, గట్టిగా!

ఆ రాజు పేరు దుర్జయుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణభీముడు, నడిపివాడు రణశూరుడు, చిన్నవాడు కుముదుడు. ఆ రాజ్యంలో ఒక దిక్కుమాలిన ఆచారం ఉండేది. మగపిల్లవాడికి నూనూగు మీసం మొలిచిందో లేదో, మీసకట్టు పండగ చేసేవాళ్ళు. ఏడు సముద్రాల అవతల నుంచి కరాళుడనే మాంత్రికుడు వచ్చేవాడు. పిల్లవాడి కళ్ళకు నల్లటి కాటుక పెట్టి, వాడి జన్మకు సరిపడా కన్నీళ్ళన్నీ ఒక గాజుబుడ్డిలోకి పిండుకుని పోయేవాడు. ఇక ఆ పిల్లవాడు చచ్చినా ఏడవలేడు. దానికి డప్పులు, సన్నాయిలు, లడ్లు! సిగ్గు లేకపోతే సరి.

ఇలా ఉండగా రాణీ మాలతీదేవి జ్వరమొచ్చి పోయింది. కుముదుడికి ఇంకా మీసకట్టు కాలేదు. తల్లి పాదాలు పట్టుకుని బావురుమన్నాడు. రాజూ, పెద్దకొడుకులిద్దరూ గుడ్లప్పగించి నిలబడ్డారు. ఏడుపు వాళ్ళ లోపల్లోపలే తిరిగి తిరిగి, బయటికి దారి లేక గడ్డకట్టింది. మర్నాటికి ముగ్గురి పాదాలూ రాయైపోయాయి. ఆ మర్నాటికి మోకాళ్ళు!

"అన్నా, నొప్పిగా ఉందా?" అని కుముదుడు పెద్దవాణ్ణి అడిగాడు.

"నాకేం?" అన్నాడు రణభీముడు. ఆ మాట అన్నప్పుడల్లా రాయి జానెడు పైకి పాకేది. అయినా అంటూనే ఉండేవాడు, మొండి వెధవ!

రాజు చిన్నకొడుకు మీద విరుచుకుపడ్డాడు. "నలుగురిలో ఏడ్చి నా పరువు తీశావు. రేపే నీకు మీసకట్టు!"

"నాన్నగారూ, ముందు మీ కాళ్ళు చూసుకోండి. రాళ్ళయిపోయాయి!"

"రాజు కాళ్ళు అలాగే ఉండాలి!" అని అరిచాడాయన. ఏం చెప్పాలి ఇలాంటి వాళ్ళకి?

కుముదుడు ఆగలేదు. అమ్మ ఎలాగూ పోయింది, మాంత్రికుడి దగ్గర్నుంచి కన్నీళ్ళు తెచ్చి వీళ్ళనైనా దక్కించుకోవాలనుకుని సముద్రపొడ్డుకి పరిగెత్తాడు. దాటే దారి తోచక ఇసకలో కూలబడి ఏడుస్తుంటే, ఒక ముసలి తాబేలు పాక్కుంటూ వచ్చింది.

"ఏడు నాయనా, ఏడు. గుడ్లు పెట్టేటప్పుడు నేనూ ఏడుస్తాను. నన్నెవరూ తిట్టలేదు. ఎక్కు నా వీపు" అంది.

ఏడు సముద్రాలూ దాటిస్తూ గుట్టంతా చెప్పింది. "కరాళుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. అది మగవాళ్ళ కన్నీళ్ళు తప్ప పచ్చి మంచినీళ్ళు ముట్టదు. అది చచ్చిందా, ఎవరి కన్నీళ్ళు వాళ్ళకి వచ్చేస్తాయి."

"అంటే వాడికి ప్రాణం పోస్తున్నది మేమేనా? డప్పులు కొట్టి మరీ?" అని కుముదుడు మండిపడ్డాడు.

మాంత్రికుడి గుహ నిండా బుడ్లు. మధ్యలో పంజరం, అందులో చిలక.

"నీ కన్నీళ్ళిస్తే ఏనుగంత బలమిస్తా" అన్నాడు కరాళుడు. "వద్దు" అన్నాడు కుముదుడు.

"మూడు రాజ్యాలిస్తా." "వద్దు."

"మీ నాన్న నిన్ను నిండు సభలో 'వీడు నా కొడుకు' అనేలా చేస్తా."

ఆ మాటకి కుముదుడు ఒక అడుగు ముందుకేశాడు. పుట్టి ఇంతవాడైనా ఆ మాట వినలేదు పాపం. అయినా తేరుకుని, "సరే, ఇస్తా. కానీ బుడ్డిలో పట్టి చల్లార్చడం దేనికి? చిలకనే నా చెంప మీద తాగమను" అన్నాడు.

"వేడివి! నాకు వేడివి కావాలి!" అని చిలక రెక్కలు కొట్టుకుంది. కరాళుడు పంజరం తీశాడు. కుముదుడు అమ్మని తలుచుకున్నాడు. కళ్ళు నిండాయి. చిలక భుజమ్మీద వాలి ముక్కు చాచిందో లేదో, గుప్పిట పట్టేశాడు.

"మగాడివై ఉండి పిట్టని చంపుతావా?" అని కేక పెట్టాడు కరాళుడు.

"మగాడంటే ఏమిటో ఇక నువ్వు చెప్పకు!" అని కుముదుడు దాని మెడ విరిచేశాడు. మాంత్రికుడు కుప్పకూలాడు. బుడ్లన్నీ పగిలి, కన్నీళ్ళు మబ్బై లేచి, తాబేలెక్కి తిరిగొస్తున్న కుముదుడి వెనకే కోటదాకా వచ్చి కురిశాయి.

గొంతుదాకా రాయైన రాజు మీద వాన పడింది. ఆయన పెదవి వణికింది. "నల్లోడా! ఒరే నల్లోడా!" అని ఘొల్లుమన్నాడు. ఎవరనుకున్నారు నల్లోడంటే? చిన్నప్పుడు పెంచుకున్న కుక్క. మీసకట్టు అయిన వారానికే చచ్చిపోయింది. అప్పట్నుంచీ లోపలే ఉంది ఆ ఏడుపు. ముందు కుక్క కోసం, తర్వాత తల్లి కోసం, ఆఖర్న మాలతీదేవి కోసం, ముసలాయన వరసపెట్టి ఏడ్చాడు. రాయి పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపోయింది. నడిపివాడూ బతికాడు.

పెద్దవాడు మాత్రం అప్పటికే నడినెత్తిదాకా రాయైపోయాడు. వాన చెంపల మీంచి కారిపోయిందే గానీ లోపలికి ఇంకలేదు. "నా కొడుకు! నా కొడుకు!" అని రాజు ఆ రాయిని కౌగిలించుకుని ఏడ్చాడు. బతికుండగా ఒక్కసారి అనుంటే ఏం పోయేదో!

తర్వాత కుముదుడు పొరుగు రాజు కూతురు చంద్రికని పెళ్ళాడాడు. అప్పగింతల్లో పెళ్ళికూతురు ఏడిస్తే, పెళ్ళికొడుకూ ఏడ్చాడు. మీసకట్టు మాన్పించి చాలా ఏళ్ళు చల్లగా ఏలాడు. అయినా జనం మారారా? కోటగుమ్మంలో పెద్దవాడి రాతిబొమ్మకి ఇప్పటికీ దండలేసి, "మగాడంటే వీడు!" అంటారట. మగాడా వాళ్ళ తలకాయా! వాడు పాతికేళ్ళు నిండని పిల్లాడర్రా!

కథ అయింది, లేవండి. నవ్విన వాడెవడో వెళ్ళి పసుపు తీసుకురా. నువ్విలా రా నాన్నా, కాలు చూపించు. నొప్పిగా ఉందా? "నాకేం" అన్నావంటే మాత్రం వీపు చిట్లగొడతాను.