ముప్పై రెండు గుంటలు

మనుషులకు ఉన్నట్టే జంతువులకూ ఒక పట్నం ఉంది. ఆ పట్నంలో మిట్ట మీద ఒక బడి, బడి గేటు నుంచి పల్లంలోకి దిగే ఒక సందు. సందు మొదట్లో, గోడ కింద కలుగులో పైడమ్మ కాపురం. పైడమ్మ పందికొక్కు. బడిలో ఆయా పని. ఆరుగురు పిల్లల తల్లి. ఎవరైనా గట్టిగా మాట్లాడితే మీసాలు దించుకుని నేల చూసే రకం.

బడికి హెడ్మాస్టరు శ్వేతాంబరం గారనే కొంగ. ఒంటి మీద ఒక్క మరక పడనివ్వడు. ఒంటికాలి మీద నిలబడి పాఠం చెప్పేది కూడా రెండో కాలికి మట్టి అంటకూడదనే. ఆవరణంతా మట్టి. వానొస్తే చాలు, కుక్కపిల్లలూ మేకపిల్లలూ బురదకాళ్ళతో క్లాసులోకి వచ్చేవి. ఆయనకు ప్రాణం పోయినంత పనయ్యేది.

"మాస్టారూ, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సిమెంటు పోసేద్దాం. అద్దంలా ఉంటుంది. తమరు హాయిగా రెండు కాళ్ళ మీదా నిలబడొచ్చు" అంది గుంటనక్క. ఆ పట్నంలో కాంట్రాక్టరు అదే.

పోసేశారు. వేపచెట్టు మొదలు చుట్టూ కూడా పీక పట్టుకున్నట్టు పోసేశారు.

తొలి వానకి అసలు సంగతి బయటపడింది. ఇదివరకు ఆవరణలో పడ్డ నీళ్ళు ఆవరణే తాగేది. ఇప్పుడు చుక్క ఇంకలేదు. నీళ్ళన్నీ ఒక్కటై, గేటు కిందనుంచి దూకి, నేరుగా పైడమ్మ ఇంట్లోకి వెళ్ళాయి. పైడమ్మ పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని గోడెక్కించింది. ఆరోవాడు ఆఖర్న దొరికాడు, కడుపునిండా నీళ్ళతో. తలకిందులుగా పట్టుకుని కుదిపితే, ఒక్క తుమ్ము తుమ్మి బతికాడు.

అది చిన్న వానే. అసలు ముసురు ఇంకా ముందుంది.

మర్నాడు పొద్దున్నే పైడమ్మ హెడ్మాస్టరు గది ముందు నిలబడింది.

"అయ్యా, బడి నీళ్ళు మా ఇంట్లోకొస్తున్నాయి. గేటు వైపు కాస్త సిమెంటు తీయించండయ్యా. నేల తాగేస్తుంది. నాలుగు మొక్కలేస్తే ఇంకా బాగా తాగుతుంది."

"నిన్ను పల్లంలో కాపురం ఎవరు పెట్టమన్నారే?"

"కాపురం ముందు పెట్టానయ్యా. సిమెంటు తర్వాతొచ్చింది."

పక్కనే కూర్చుని టీ తాగుతున్న నక్క ఇకిలించింది. "పిల్లలకి ఈత నేర్పించు పైడమ్మా. బాతులు బతకట్లేదా?"

"బాతులు కలుగులో పడుకోవు బాబూ" అంది పైడమ్మ, తనకే వినపడనంత చిన్నగా.

"వెళ్ళు, వెళ్ళి వరండా ఊడ్చు" అన్నాడు కొంగ.

వెళ్ళి ఊడ్చింది.

ఆ బడికి ఒక ఆనవాయితీ ఉంది. ఏటా వానాకాలం మొదట్లో పెద్దలొచ్చి ఒక మొక్క నాటుతారు. ఫోటో తీయించుకుంటారు. వారం తిరక్కముందే మేకపిల్లలు ఆ మొక్కను నమిలేస్తాయి. మరుసటేడు అదే గుంటలో ఇంకో మొక్క, ఇంకో ఫోటో. ఏడేళ్ళలో ఏడు మొక్కలు పోయాయిగానీ గుంట మాత్రం చెక్కుచెదరలేదు. ఈసారి నక్క పుణ్యాన ఆ గుంటా సిమెంటు కిందకి పోయింది.

ఇంతలో ఉత్తరం రానే వచ్చింది. దున్నపోతు కార్పొరేటరు గారు శనివారం మొక్క నాటడానికి వస్తున్నారు. వెంట అనుచరులు ముప్పై ఒక్కరు.

"ఏమే పైడమ్మా! అర్జంటుగా ఒక గుంట తవ్వు!"

"ఒకటేనా అయ్యా?"

"మొక్క ఒకటైతే గుంట ఒకటే కదే!"

పైడమ్మ నేల చూపులు చూస్తూ చెప్పింది. "నాకేం తెలుసయ్యా, ఊడ్చుకునేదాన్ని. పోయినేడు ఒక్క మొక్క మీద అంతమందీ చేతులేశారు. కార్పొరేటరు గారి అనుచరుల్లో అడవిపంది గారి చెయ్యి ఫోటోలో పడలేదు, ఆయనకి కోపమొచ్చింది. ఆ వారంలోనే పాత హెడ్మాస్టరు బాతు గారిని చెత్తకుప్ప బడికి బదిలీ చేశారు. ఆయన కూడా తమరిలాగే తెల్లగా ఉండేవారు. ఇప్పుడు చూస్తే పోల్చుకోలేం."

శ్వేతాంబరం ఎత్తిన కాలు గబుక్కున దించేశాడు.

"ముప్పై రెండు తవ్వు!"

"చిన్నవా, పెద్దవా అయ్యా?"

"ఫోటోలో పడేవి!"

"అయితే గేటు వైపు తవ్వుతానయ్యా. లోపలికి రాగానే ఎవరి గుంట వాళ్ళకి కనపడొద్దూ?"

"ఎటైనా తవ్వవే తల్లీ!"

నక్క పరిగెత్తుకొచ్చింది. "నా సిమెంటు ఏనుగు తొక్కినా బీటవారదు. పందికొక్కు పళ్ళకి లొంగుతుందా?"

పైడమ్మ వంగి ఒక్క కొరుకు కొరికింది. సిమెంటు జంతికలా పుటుక్కున విరిగింది.

"ఇసుక ఎక్కువైంది బాబూ. పళ్ళ కింద కసకసలాడుతోంది."

మాస్టారు నక్క వైపు చూశాడు. నక్క ఆకాశం వైపు చూసి, మబ్బు పట్టేట్టుందే అనుకుంటూ జారుకుంది.

పైడమ్మ చుట్టాలందరినీ పిలిచింది. మూడు రోజుల్లో గేటు వైపు గోడ పొడుగునా ముప్పై రెండు గుంటలు, ఒకదాన్ని ఆనుకుని ఒకటి. తవ్విన మట్టి గేటు వైపు గట్టులా పోశారు.

శనివారం దున్నపోతు గారొచ్చారు. ఎవరి గుంట ముందు వాళ్ళు నిలబడ్డారు, ఎవరి మొక్క వాళ్ళు నాటారు, ఎవరి ఫోటో వాళ్ళు దిగారు. అడవిపంది గారు రెండు దిగారు. దున్నపోతు గారు ఉపన్యాసం అందుకున్నారో లేదో, ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. అందరూ వరండాలోకి పరుగు.

సిమెంటు మీద పడ్డ నీళ్ళు ఎప్పటిలాగే గేటు వైపు ఉరికాయి. గుంటల దగ్గరికొచ్చి గుటగుటమంటూ భూమిలోకి దిగిపోయాయి. గేటు దాటి సందులోకి చుక్క వెళ్ళలేదు.

"ఏమయ్యా మాస్టారూ! పోయిన వానకి ఈ సందులో మోకాలి లోతు నీళ్ళన్నారు. ఇవాళ పొడిగా ఉందేం? ఎవరిదీ తెలివి?" అన్నారు దున్నపోతు గారు.

చీపురు పట్టుకుని మూల నిలబడ్డ పైడమ్మ నోరు తెరిచే లోపే కొంగ ముందుకు దూకాడు. "నాదేనండి! నిద్ర మానేసి ఆలోచించానండి!"

పైడమ్మ మీసాలు దించుకుంది. మీసాల చాటున నవ్వింది.

"భేష్! అయితే 'శ్వేతాంబరం గారి తోట' అని బోర్డు పెట్టించండి. ముప్పై రెండు మొక్కలకీ పూచీ తమరిదే. నా మొక్కగానీ మా వాళ్ళ మొక్కగానీ ఎండినా, మేక కొరికినా, చెత్తకుప్ప బడిలో బాతు గారు తోడు లేక బెంగపడుతున్నారట."

ఆ రోజు నుంచి కొంగకు రెండు కాళ్ళూ బురదలోనే. పొద్దున మొక్కల మొదళ్ళలో మట్టి గుల్ల చేయడం, మధ్యాహ్నం మేకపిల్లల వెంట పరిగెత్తడం, సాయంత్రం మట్టి కడుక్కోవడం. నక్క ఒకసారి వచ్చి, "మాస్టారూ, ఈ గుంటలు పూడ్చేసి నున్నగా సిమెంటు..." అనబోయింది. కొంగ ముక్కుతో పొడిచిన పోటుకి నెల రోజులు తలుపు తీసుకుని బయటికి రాలేదు.

ముసురొచ్చింది. పదిరోజులు తెరిపి లేదు. గోడ కింద కలుగులో ఆరుగురు పిల్లలూ ఎండుగడ్డి మీద వెచ్చగా పడుకున్నారు. ఆరోవాడు మాత్రం లేచి, దాహమేస్తోందని ఏడ్చాడు.

నీతి: ఇంకొకరి పనిని నాదని చెప్పుకున్నవాడు మెప్పుతోపాటు ఆ పని బరువు కూడా మోయక తప్పదు.